ప్యానెల్ గది వంతు

షినాస్,
మే 9, 2023.

జహీర్ చాచాకు,

రఘుపతి సలాం. ఈ ఉత్తరం తెచ్చిన మనిషి పేరు ఫజల్. మా ఐస్ ఫ్యాక్టరీ వ్యాను నడుపుతాడు. వారానికి రెండుసార్లు చేపల లోడుతో మస్కట్ వస్తాడు. అతని దగ్గర ఒక పాత దుప్పటి మూట ఉంటుంది. అందులో కంప్యూటర్ మదర్‌బోర్డు ఉంది, మెల్లగా విప్పు. ఫోన్లో చెబితే నీకు సగం వినపడదు, మిగతా సగం నువ్వే ఊహించుకుంటావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

ఈ మెషీన్‌కు ఇరవై ఏళ్లు ఉంటాయి. ప్లాంటు పెట్టినప్పుడు వచ్చిందట. నెల రోజులుగా ఉన్నట్టుండి ఆగిపోతోంది, మళ్ళీ దానంతట అదే మొదలవుతోంది. మూత తీసి చూశాను. ప్రాసెసర్ పక్కన నాలుగు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. ఒకదాని మీద గోధుమరంగు రసం కారి ఎండిపోయింది. మస్కట్‌లో, మీ రూవిలో ఆరేళ్లు నీ రూమ్‌లో ఉండి నీ పని చూసినవాణ్ణి కాబట్టి జబ్బేమిటో తెలిసింది. బాగుచేసే చెయ్యి నాకు లేదు.

కొత్తది కొనమంటే మా మేనేజర్ ఖమరుద్దీన్ సార్ వినలేదు. దీనిలో ఒక పాత కార్డు ఉంది. అది కొత్త కంప్యూటర్లలో పట్టదు, దాన్ని చేసిన కంపెనీ ఇప్పుడు లేదు. "బయట చేయించుకొని రా. ఓనరు అర్బాబ్ చెవిన పడనియ్యకు" అన్నాడు.

అది ఏం పని చేస్తుందని నువ్వు తప్పకుండా అడుగుతావు. ఐస్ గదుల చల్లదనం లెక్కలు రాసుకుంటుంది. అంతే.

నీ ఆరోగ్యం ఎలా ఉందో రాయి.

రఘుపతి


రూవి,
మే 13, 2023.

చిరంజీవి రఘుపతికి,

జహీరుద్దీన్ దువా. బోర్డు అందింది. పని కూడా అయింది. ఫజల్ రేపు తెల్లవారి బయల్దేరుతానంటే ఇవాళే ముగించాను.

నాలుగూ మార్చాను. విలువ అదే, వోల్టేజీ అదే, సరుకు కొత్తది. రెండు రోజులు నా కౌంటరు మీద ఆపకుండా నడిపాను, ఒక్కసారి కూడా ఆగలేదు. మా షాపు కమ్రాన్ ఉన్నాడు కదా, వాడికి నవ్వులాట. "చాచా, నీ వయసు బోర్డులన్నీ వెతుక్కుంటూ నీ దగ్గరికే వస్తున్నాయి" అంటాడు. వస్తాయి మరి, కొత్తవాటిని వాడు పెట్టెతో సహా పారేస్తాడు.

చల్లదనం లెక్కలు అని రాశావు కాబట్టి చేశాను. నా సంగతి నీకు తెలుసు. లిఫ్టుది, ఆసుపత్రిది, అలారంది, ఏదీ నా కౌంటరు మీద పెట్టనివ్వను. టీవీ ఆగితే మనిషి తిట్టి ఊరుకుంటాడు. ఆ తిట్లు పడగలను. అంతకంటే పెద్దవి పడలేను.

ఈసారి పెద్ద అక్షరాలతో రాయి. షాపులో వెలుతురు తగ్గింది.

జహీరుద్దీన్


షినాస్,
మే 30, 2023.

జహీర్ చాచాకు,

మెషీన్ బాగా నడుస్తోంది. ఖమరుద్దీన్ సార్ నా భుజం తట్టాడు. ఎనిమిదేళ్లలో అది మొదటిసారి.

బోర్డు నీ దగ్గర ఉన్నన్ని రోజులూ ఇక్కడ మాకు నిద్ర లేదు. గంటకొకసారి లేచి గేజీలు చూసి, పలక మీద అంకెలు రాశాం. ఇప్పుడు ఆ బాధ పోయింది. ఎండలు ముదిరాయి కాబట్టి ఎల్లుండి నుంచి మధ్యాహ్నం పన్నెండున్నరకు డాక్ మీద పని ఆపేస్తారు. మూడున్నర దాకా విశ్రాంతి. మేము ఐదుగురం. నేను, మా జగిత్యాల పక్క ఊరి నర్సయ్య కాకా, హైదరాబాదు యాసిర్, ఇద్దరు బంగ్లా వాళ్ళు. నలుగురు రేకుల రూమ్‌లో చెమటలో పడుకుంటే, ఒకరికి మాత్రం ప్యానెల్ గదిలో కుర్చీ దొరుకుతుంది. కంప్యూటర్ కోసం అక్కడ ఏసీ పెట్టారు. ఆ వంతు కోసం నిరుడు కొట్లాటలు అయితే ఈసారి ముందే రోజులు పంచుకున్నాం. బుధవారం నాది, గురువారం నర్సయ్య కాకాది. కాకాకు ఆ గది అంటే ప్రాణం. "మా గౌరవ్వ పెండ్లైన కొత్తల గూడ నన్ను గింత సల్లగ సూసుకోలె" అని అందరినీ నవ్విస్తాడు. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. ఇంకో రెండేళ్లు ఉండనిస్తే చాలంటాడు.

ఒక చిన్న సంగతి. నిన్న తెర మీది గడియారం పది నిమిషాలు ఒకే చోట నిలబడింది. తర్వాత మళ్ళీ నడిచింది. ఎండకు అయి ఉంటుందా?

రఘుపతి


రూవి,
జూన్ 4, 2023.

రఘుపతికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

గడియారం ఎండకు ఆగదు. ఏసీ గదిలో అసలే ఆగదు.

రెండు మాటలు అడుగుతాను. దాచకుండా రాయి. లెక్కలు రాసుకునే మెషీన్ నాలుగు రోజులు లేకపోతే మనుషులు గంటకొకసారి లేచి గేజీలు ఎందుకు చూస్తారు? లెక్కలు రాసుకునే మెషీన్ దగ్గర రోజూ ఒక మనిషి ఎందుకు ఉండాలి? ఐస్ ఫ్యాక్టరీలో ఏ గ్యాసు వాడతారో నాకు తెలుసు అబ్బీ. ముప్పై ఏళ్లు ఈ దేశంలో ఉన్నాను.

నాకు నిద్ర పట్టడం లేదు. ఫజల్ తిరిగి వచ్చేటప్పుడు జవాబు పంపు.

జహీరుద్దీన్


రూవి,
జూన్ 13, మంగళవారం.

రఘుపతికి,

ముందు మెషీన్ ఆపు. తర్వాత చదువు.

స్విచ్ తీసి, వైరు కూడా గోడ నుంచి లాగెయ్. మూత తీసినా మొహం దగ్గర పెట్టి చూడవద్దు. నేను వేసిన కెపాసిటర్లు వేడెక్కి ఉంటే పేలతాయి. మీరందరూ మళ్ళీ గేజీలు చూడటం మొదలుపెట్టండి.

ఇవాళ సీబ్ నుంచి ఒకతను అదే రకం బోర్డు తెచ్చాడు. కెపాసిటర్‌కు రెండు కాళ్ళని, ఒకటి ప్లస్, ఒకటి మైనస్ అని నీకు నేర్పాను. బోర్డు మీద దాని చోట ఒక గుండ్రం గీసి, సగం తెల్లగా నింపుతారు. నా చేతిలోంచి పోయిన బోర్డులన్నిటిలో ఆ తెల్ల సగం మైనస్. కమ్రాన్ భూతద్దం పెట్టి చూసి, "చాచా, ఇది ఉల్టా ఉంది. తెల్ల సగం పక్కన ప్లస్ గుర్తు వేసినాడు, సూడు" అన్నాడు. చూశాను. నాకు గుర్తు కనపడలేదు.

కనపడక ఏడాదైంది. కుడి కంట్లో పొర వచ్చింది. ఎడమ కన్ను సుగర్‌తో పోతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే కౌంటరు పోతుంది, కౌంటరు పోతే వీసా పోతుంది. పాతవి తీసే ముందు ఒక్కోదాని ఒంటి మీది మైనస్ చార ఎటు ఉందో చూసి కాగితం మీద గీసుకోవడం నా పద్ధతి. నీ బోర్డుకు గీయలేదు. గీయడానికి చార కనపడితే కదా. మసక మసకగా తెల్లరంగు తెలిసింది, అలవాటు కొద్దీ పెట్టాను. నాలుగూ తిరగబడి ఉన్నాయి. అక్కడ వోల్టేజీ చాలా తక్కువ, కాబట్టి వెంటనే చావవు. నా కౌంటరు మీద రెండు రోజులు నడిచినట్టే కొన్ని వారాలు నడుస్తాయి. తర్వాత మెషీన్ నిలబడిపోతుంది. తెర వెలుగుతూనే ఉంటుంది. చూసినవాడికి బాగానే ఉందనిపిస్తుంది.

నా పోయిన ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. ఇవాళ కమ్రాన్‌తో నీకు నాలుగుసార్లు ఫోన్ చేయించాను. మోగుతుంది, నువ్వు ఎత్తవు. వాట్సాప్‌లో పెట్టించాను, నువ్వు చూడలేదు. ఫజల్ మీ మేనేజర్‌కు ఫోన్ చేశాడు. "రేపు చూద్దాం, ఇప్పుడు లోడింగ్ ఉంది" అన్నాడట. ఫజల్ రేపు గాని బయల్దేరడు. ఈ కాగితం నీ చేతిలోనే పెట్టమని ఒట్టు వేయించుకున్నాను.

ఫోన్ ఎందుకు ఎత్తవు?

జహీరుద్దీన్


షినాస్,
జూన్ 20, 2023.

జహీర్ చాచాకు,

నీ ఉత్తరం పద్నాలుగో తేదీ సాయంత్రం నాలుగింటికి ఫజల్ నా చేతిలో పెట్టాడు. అప్పటికి అంబులెన్సు వెళ్ళి రెండు గంటలైంది.

నీ ఫోన్లు చూశాను. ఎత్తితే నువ్వు ఉత్తరంలో అడిగిన రెండు మాటలూ మళ్ళీ అడుగుతావు. రాతలో దాచగలిగాను, గొంతుతో దాచలేననుకున్నాను. అందుకే ఎత్తలేదు, వాట్సాప్ తెరవలేదు.

మా ప్లాంటులో అమోనియా వాడతారు. ఎక్కడైనా కారితే గోడల మీది సెన్సర్లు కనిపెట్టి ఆ కంప్యూటర్‌కు చెబుతాయి. కంప్యూటర్ సైరన్ మోగిస్తుంది. దాని అసలు పని అదే. అలారం అని రాస్తే నువ్వు ముట్టవని తెలుసు. నువ్వు ముట్టకపోతే, "ఎవరో తెలుసన్నవు కదా, ఏమైంది" అని ఖమరుద్దీన్ సార్ నన్నే పట్టుకుంటాడు. అందుకని చల్లదనం అని రాశాను.

ఆ రోజు ఒంటిగంటన్నర దాటాక రెండో కంప్రెసర్ వాల్వు దగ్గర కారింది. సైరన్ మోగలేదు. తర్వాత చూస్తే తెర మీద గడియారం 1.12 దగ్గర ఉంది. అంకెలన్నీ పచ్చరంగులో సరిగానే ఉన్నాయి. ప్యానెల్ గదికీ కంప్రెసర్ హాలుకూ మధ్య గోడలో పైపుల కోసం పెట్టిన కంత ఉంది. గ్యాసు ముందు అక్కడికే వచ్చింది. నర్సయ్య కాకా వంతు అది. ఆయన బయటికి పరుగెత్తి ఉంటే ఆయనకు ఏమీ అయ్యేది కాదు. హాలు పక్క నడవా గుండా వచ్చి మా రేకుల తలుపు బాదాడు. "లేవుండ్రి! లేవుండ్రి! గ్యాసు!" అన్నాడు. మేము నలుగురం వెనక తలుపున ఉరికాం. వెనక్కి చూస్తే ఆయన రాలేదు. యాసిర్ తడి తువ్వాల మూతికి చుట్టుకొని పోయి కాళ్ళు పట్టి లాక్కొచ్చాడు. నేను పోలేదు.

సోహార్‌లో ఆసుపత్రిలో ఉన్నాడు. రెండు కళ్ళకూ కట్లు. గొంతులో గొట్టం. కళ్ళ సంగతి ఇప్పుడే చెప్పలేమంటున్నారు.

నిన్న ఖమరుద్దీన్ సార్ ఒక కాగితం తెచ్చాడు. అరబ్బీలో ఉంది. చదివి చెప్పాడు. అలారం మోగింది, వంతులో ఉన్న నర్సయ్య నిద్రపోయాడు, వాల్వు సమయానికి మూయలేదు. ఇదీ అందులో ఉన్నది. కింద సాక్షి అని నా పేరు.

"సార్, మోగలేదు కదా" అన్నాను.

"అరే మియా, ముసలోనికి ఎట్లైనా ఇంటికి పోవుడే ఉంది. కంపెనీ టికెట్ ఇస్తది. నిజం చెప్పినవనుకో, నీకు జైలు, నాకు జైలు, రూవిల ఆ బుఢ్ఢాకు జైలు. ఎవనికి ఫాయిదా?"

"నర్సయ్య కాకా లేచినాక చెప్తడు కదా సార్?"

"ఏం చెప్తడు? పోయి చెప్పొచ్చిన. నువ్వు నిద్రపోయినవ్, అలారం మోగింది అన్న. తల ఊపిండు."

బక్రీదు సెలవులయ్యాక, జూలై ఆరున అధికారి వచ్చి విచారిస్తాడు. కాగితం నా పెట్టెలో ఉంది. సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు. గేటు దగ్గర ఏ బండి ఆగినా లేచి పోయి చూస్తున్నాను. ఏం చెయ్యాలో చెప్పు చాచా.

రఘుపతి


రూవి,
జూన్ 25, 2023.

రఘుపతికి,

నువ్వు ఏం చెయ్యాలో నేను చెప్పను. నేను ఏం చేస్తున్నానో చెబుతాను.

తెలుగులో ఒక కాగితం రాశాను. ఆ బోర్డు బాగుచేసింది నేను. నా కళ్ళు సరిగా కనపడవు. ఆ సంగతి దాచి పని తీసుకున్నాను. నాలుగు కెపాసిటర్లు తిరగేసి పెట్టాను. మెషీన్ ఆగిపోవడానికి కారణం అది. ఇంతే రాశాను. తప్పు ఏ కంపెనీదో, ఎవరు ఎవరికి చెప్పారో రాయలేదు, అది నాకు తెలిసింది కాదు. అరబ్బీలోకి మార్చడానికి ఇక్కడ టైపింగ్ సెంటరు వాళ్ళకు ఇచ్చాను. రాసిచ్చిన అమ్మాయి రెండుసార్లు అడిగింది, "అంకుల్, ఇది నిజంగా ఇస్తారా?" అని.

కమ్రాన్‌కు నా కళ్ళ సంగతి చెప్పాను. వాడు కౌంటరు మీది సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు తీసి, చల్లారాక లోపల పెట్టాడు. మధ్యాహ్నం నాకు టీ తెచ్చి ఇచ్చాడు.

నాకు భయం లేదని అనుకోవద్దు. అరవై నాలుగేళ్లు. ఇంటి దగ్గర మా ఆవిడ అక్తరీ బేగంకు ఇంకా ఫోన్ చెయ్యలేదు. చేసినా ఆమె ఏడుపు నాకు వినపడదు, అది ఒక్కటే మేలు.

ఆరో తేదీన ఫజల్ వ్యానులో షినాస్ వస్తాను. అధికారి అడిగేది నాకు వినపడదు. పక్కన ఉండి కాగితం మీద పెద్దగా రాసి చూపించే మనిషి కావాలి. నువ్వు ఉంటావో లేదో నీ ఇష్టం. లేకపోతే యాసిర్‌ను అడుగుతాను.

ఒక మాట అడగకుండా ఉండలేకపోతున్నాను. పద్నాలుగు బుధవారం. బుధవారం వంతు నీది అని నువ్వే మే నెలలో రాశావు. నర్సయ్యది గురువారం. ఆ రోజు ఆ కుర్చీలో ఆయన ఎందుకున్నాడు?

జహీరుద్దీన్


షినాస్,
జూలై 2, 2023.

జహీర్ చాచాకు,

నా వంతే.

జూన్ నాలుగున నువ్వు రాసిన ఉత్తరం చదివాక ఆ గదిలోకి పోవాలంటే నాకు భయం వేసేది. ఏడో తేదీన నా వంతు వచ్చింది. మూడు గంటలూ తెర మీది గడియారం చూస్తూ కూర్చున్నాను. రెండుసార్లు ఆగింది. మొదటిసారి నాలుగు నిమిషాలు, రెండోసారి ఎంతసేపో లెక్కపెట్టలేదు, బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే మెషీన్ ఆపాలి, ఆపితే అర్బాబ్‌కు తెలుస్తుంది, నన్ను ఇంటికి పంపుతారు. ఇవన్నీ ఆలోచించాను. ఆ గదిలో మిగతా రోజుల్లో ఎవరు కూర్చుంటారన్నది ఆలోచించలేదు. ఆలోచించలేదని రాస్తున్నాను గాని అది కూడా నిజం కాదు.

పద్నాలుగున అన్నం తిన్నాక నర్సయ్య కాకాతో, "కాకా, ఇయ్యాల నువ్వు పో. నాకు ఏసీల తల నొస్తున్నది" అన్నాను.

"రెండు దినాలు ఒక్కనికేనా? వాళ్ళు ఊకుంటరా?" అన్నాడు.

"నేను చెప్త తీ. పో."

"నీ కడుపు సల్లగుండ" అని తువ్వాల భుజాన వేసుకొని పోయాడు.

నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు పెట్టె తెరవలేదు. నిన్న ఫజల్ సోహార్ వైపు పోతుంటే ఎక్కాను. గొంతులో గొట్టం తీశారు. ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి ఇంకా కట్టు ఉంది, వెలుతురు తెలుస్తోందట. నేను వచ్చానని నర్సు చెబితే చెయ్యి చాపాడు. గొంతు గరగరమంటోంది, దగ్గరికి వంగితే గాని వినపడదు.

"రఘూ, సారు కోపానికొచ్చిండా?" అని అడిగాడు.

"దేనికి కాకా?"

"నేను నిద్రవోయిన కదా. అలారం మోగిందట. నాకైతే కండ్లు తెరిచే ఉన్నట్టు యాదికున్నది. గడియారం దిక్కే సూస్తున్న. మోగలేదు అనే అనుకున్న. కని సారు అంత గట్టిగ చెప్తుంటే నిద్రవోయిన్నేమో అనిపిస్తున్నది. వయసు మీద పడ్డది. నా పానం పోయినా ఏం లేకుండె, మీరు నలుగురు పోరగాండ్లు, మీకేమన్న అయితే మీ వాళ్లకు నేనేం జవాబు చెప్దును? అదే తిరుగుతున్నది తలకాయల."

నేను మంచం పట్టె పట్టుకున్నాను. పక్క మంచం అతని దగ్గర ఎవరో రేడియో పెట్టారు. అది ఆగాక ఆయన చెవి దగ్గరికి వంగాను.

"మోగలేదు కాకా" అన్నాను. "మెషీన్ ఆగిపోయింది. ఆగుతున్నదని నాకు వారం ముందే ఎరుక. అందుకే ఆ దినం నిన్ను పొమ్మన్న. నాకు తలనొప్పి లేకుండె."

ఆయన చెయ్యి నా చేతి మీద అలాగే ఉంది. తీయలేదు, పట్టుకోలేదు. తిడతాడని చూశాను. ఒక తిట్టు తిట్టి ఉంటే బాగుండేది.

"అయితే నేను నిద్రవోలే" అన్నాడు.

"పోలేదు కాకా."

"మా గౌరవ్వకు గూడ సారు ఫోన్ చేసి నిద్రవోయిండని చెప్పిండట. చెల్లె యాదవ్వ ఇంటికి పోయి ఏడ్చిందట. ముందుగాల దానికి చెప్పు. నేను నిద్రవోలేదని చెప్పు."

ఆసుపత్రి బయట, బండ్లు నిలిపే చోట నిలబడి ఫోన్ చేశాను. ఎండ మాడుస్తోంది. రెండోసారికి ఎత్తింది. నర్సయ్య కాకా నిద్రపోలేదని, అలారం మోగలేదని, మా నలుగురినీ ఆయనే లేపాడని చెప్పాను. గౌరవ్వ, "నేను అనుకున్న బిడ్డా. మా ఆయన పగటి పూట కునుకు తీస్తే నేనెరుగ" అన్నది. ముక్కు చీదుకుంది. నేను పెట్టేద్దామనుకున్నాను.

"మరి నువ్వేడున్నవు రఘూ అప్పుడు?" అని అడిగింది.

చెప్పాను.

ఖమరుద్దీన్ సార్ కాగితం ఖాళీగానే తిరిగి ఇచ్చేశాను. ఇవాళ నా పాస్‌పోర్టు ఎక్కడుందని అడిగాడు. ఆయన బీరువాలోనే ఉందన్నాను. ఏమవుతుందో తెలియదు. ఆరో తేదీన వ్యాను దిగాక ఫ్యాక్టరీ లోపలికి రాకు, గేటు బయట మసీదు నీడలో నిలబడు. కాగితాలు, లావు పెన్ను తెస్తాను. అధికారి అడిగేది నేను రాసి చూపిస్తాను. నీ తర్వాత నేను చెబుతాను.

రఘుపతి